మూడేళ్ల పాప "నా ఇల్లు ఇది కాదు" అంటోంది. ఏం చేయాలి?

భద్రకాళి_గట్టు
మా పాపకు మూడేళ్ల నాలుగు నెలలు. ఇరవై రోజులుగా ఒకటే మాట: "ఇది నా ఇల్లు కాదు, నా ఇల్లు దూరం." మొదట నవ్వుకున్నాం. తరువాత వివరాలు మొదలయ్యాయి. ఇంటి ముందు వేపచెట్టు, వెనక పెద్ద బావి, నీలం రంగు తలుపు, ఒక కొమ్ము వంగిన బర్రె. బర్రె పేరు రాజి. మేం ఉండేది హన్మకొండలో, మూడో అంతస్తులో. పాప బర్రెలను రోడ్డు మీద దూరం నుంచి చూసిందేమో గాని బావిని అసలు చూడలేదు.

మొన్న రాత్రి అన్నం తినిపిస్తుంటే నా చెయ్యి పక్కకు నెట్టి, "నేను బావిలో పడ్డాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. అమ్మ రాలేదు" అంది. "నేను ఇక్కడే ఉన్నాను కదా" అన్నాను. "నువ్వు కాదు, ఆ అమ్మ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అత్తమ్మ ఇది పూర్వజన్మే అని తేల్చేసింది. ఆ ఊరేదో కనుక్కుని తీసుకెళ్లాలంటోంది. మేడారంలో నిలువెత్తు బంగారం (తూకం బెల్లం) మొక్కుకుంది కూడా. మా ఆయన హైదరాబాద్ నుంచి శనివారం వస్తాడు, ఆదివారం వెళతాడు. ఆయన లెక్కలో ఇదంతా ఫోనులో చూసే బొమ్మల వల్లే. ఎవరి పిల్లలైనా ఇలా మాట్లాడారా? మీరేం చేశారు?

కాజీపేట_లోకో
మావాడికి నాలుగేళ్లు. "నేను పెద్దగా ఉన్నప్పుడు జేసీబీ నడిపేవాణ్ణి" అంటాడు. పోయిన జన్మలో డ్రైవరేమో అనుకున్నాం. నిన్న "నేనే జేసీబీని" అన్నాడు. ఇప్పుడు ఏ ఊరికి తీసుకెళ్లాలో తెలియడం లేదు.

తర్కవాగు
పాపను పగలు ఎవరు చూసుకుంటారు?

భద్రకాళి_గట్టు
నేను బ్యాంకులో పని చేస్తాను. అత్తమ్మ చూసుకుంటుంది. అంతకుముందు పద్నాలుగు నెలలు ఒక ఆయమ్మ ఉండేది, పరకాల వైపు ఊరు. దసరాకు కొడుకు దగ్గరికి వెళ్లి మానేసింది. చాలా మంచి మనిషి. ఆమెను అనుమానించే పని లేదు.

తర్కవాగు
నేను ఆమెను అనుమానించడం లేదండీ. పద్నాలుగు నెలల పాటు రోజుకు ఎనిమిది గంటలు ఆమె పాపతో ఏం మాట్లాడిందో మీకు తెలుసా? అంతే నా ప్రశ్న.

మామిడి_జగిత్యాల
వచ్చాడయ్యా పోలీసు. మూడేళ్ల పిల్ల నీళ్లు చల్లగా ఉన్నాయని కల్పించి చెబుతుందా? బావిని చూడని పిల్లకు ఆ చలి ఎలా తెలుసు? అక్కా, మీ అత్తమ్మ మాట వినండి. పెద్దవాళ్లు ఊరికే అనరు.

తర్కవాగు
స్నానం చేయించేటప్పుడు తెలిసి ఉంటుంది.

గ్రంథాలయం_మూల
ఇలాంటి పిల్లల మీద నలభై ఏళ్లకు పైగా పని చేసిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయపు మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్. 1961లో మొదటిసారి మన దేశానికి వచ్చి కుటుంబాలను కలిశాడు, 1966లో ఇరవై కేసులతో పుస్తకం వేశాడు. 2007లో చనిపోయేనాటికి రకరకాల దేశాల నుంచి 2,500 దాకా కేసులు పోగేశాడు. లెబనాన్‌లోని డ్రూజులు అనే మతవర్గం, శ్రీలంక, బర్మా, మన ఉత్తరాది. ఆయన కేసుల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య మాటలు మొదలు, ఆరేడేళ్లకు మరుపు. చెప్పే చావు సగానికి పైగా కేసుల్లో ప్రమాదమో హత్యో, సహజమైనది కాదు.

మన దగ్గర బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సత్వంత్ పస్రీచా అనే మానసిక శాస్త్రవేత్త ఇదే పని చేశారు. ఆగ్రా జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తే దాదాపు 450 మందికి ఒకరు అలాంటి వాళ్లు తేలారు. దక్షిణాదిలో మాత్రం ఇలాంటివి బయటికి వచ్చింది చాలా తక్కువ.

తర్కవాగు
ఆత్మలు నాగపూర్ దాకా వచ్చి ఆగిపోతాయా? కాజీపేటలో హాల్ట్ లేదా?

కాజీపేట_లోకో
హాల్ట్ ఉంది. రిజర్వేషన్ దొరకదు.

గ్రంథాలయం_మూల
నవ్వండి. కానీ అది మంచి ప్రశ్నే. నమ్మకం ఉన్నచోట పిల్ల మాటను పట్టించుకుంటారు, లేనిచోట "నోరు మూసుకుని తిను" అంటారు. రెండో ఇంట్లో కేసు పుట్టదు. ఇది స్టీవెన్సన్‌కూ తెలుసు.

ఇంకో ముచ్చట. ఆయన పరిశోధనకు డబ్బు ఇచ్చింది చెస్టర్ కార్ల్‌సన్, జిరాక్స్ విధానం కనిపెట్టినాయన. మనిషికి రెండో కాపీ ఉంటుందా అని ఆయనకే ఆసక్తి కలగడం సబబే. స్టీవెన్సన్ చనిపోకముందు ఒక తాళానికి తనకు మాత్రమే తెలిసిన సంకేతం పెట్టి ఆఫీసులో ఉంచాడు. పోయాక ఎలాగైనా ఆ సంకేతం పంపిస్తానన్నాడు.

మామిడి_జగిత్యాల
తెరిచారా?

గ్రంథాలయం_మూల
లేదు.

బమ్మెర_వాసి
జాతిస్మరత్వం, అంటే పోయిన జన్మ గుర్తుండటం, మనకు కొత్తేమీ కాదు. జడభరతుడి కథ వినలేదా? రాజ్యం వదిలి అడవికి వెళ్లిన భరతుడు లేడిపిల్ల మీద మమకారంతో లేడిగా పుట్టాడు. లేడి జన్మలోనూ అంతా గుర్తుంది, ఆ తరువాతి జన్మలోనూ గుర్తుంది. అందుకే నోరు విప్పకుండా జడుడిలా బతికాడు. మా ఊరి పోతన భాగవతంలో రాసిందే, చదువుకోండి.

పాలకుర్తి_పంతులు
పంచమ స్కంధం పోతనది కాదు నాయనా, గంగన రాసింది. ఆ ఊళ్లో పుట్టి ఈ తప్పు చేయకూడదు.

బమ్మెర_వాసి
తప్పే. ఈ జన్మకు గుర్తుంచుకుంటాను.

పాలకుర్తి_పంతులు
అయినా ఆ కథలో గమనించాల్సింది వేరే ఉంది. గుర్తున్నవాడు చెప్పుకోలేదు. గీతలో కూడా కృష్ణుడు అర్జునుడితో "నీకూ నాకూ ఎన్నో జన్మలు గడిచాయి, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు" అంటాడు. తెలియకపోవడమే మనకు మామూలు. మరుపు కూడా దేవుడిచ్చిందే.

గనిలో_రెండో_షిఫ్ట్
మాది గోదావరిఖని. మా తాత పోయినప్పుడు ఆయన పడుకున్న చోట రాత్రి బియ్యప్పిండి పరిచి, దీపం పెట్టి, గంప బోర్లించారు. తెల్లారి తీసి చూస్తే ఏ అడుగు పడితే ఆ జన్మ అన్నమాట. పొద్దున చూస్తే సన్నటి గీతలు. మా పెద్దనాన్న పక్షి అన్నాడు, మా నాన్న బల్లి అన్నాడు. తాత బల్లిగా పుట్టాడా అని మా మేనత్త ఏడ్చింది. అన్నదమ్ములు మూడు నెలలు మాట్లాడుకోలేదు. తరువాత మా అక్కకు కొడుకు పుట్టి, మూడేళ్లకు తాతలాగే చెయ్యి వెనక్కి కట్టుకుని నడిచాడు. బల్లి గొడవ అక్కడితో తీరిపోయింది.

నర్సు_నైట్‌డ్యూటీ
భద్రకాళి గారూ, నేను పిల్లల వార్డులో పని చేస్తాను. జన్మల సంగతి పక్కన పెట్టి చిన్న మాట చెబుతాను. ఈ వయసు పిల్లలకు కాలం కుదురుగా ఉండదు. గడిచిపోయిందంతా "నిన్న", రాబోయేదంతా "రేపు". తనకు జరిగిందీ, చూసిందీ, విన్నదీ వేరు చేయడం కూడా సరిగా రాదు. కాబట్టి బావిలో పడ్డాననగానే చావు దాకా వెళ్లకండి. అలాగని కొట్టిపారేయకండి కూడా. నీళ్ల తొట్టిలో ఎప్పుడైనా జారిందా, ఎవరైనా బావిలో తోస్తానని బెదిరించారా, అది ముందు కనుక్కోండి.

ఇంకొకటి. దయచేసి గుచ్చి గుచ్చి అడగవద్దు. అమెరికాలో 1994లో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. బడికి వెళ్లని వయసు పిల్లలను వారం వారం పిలిచి, "నీ వేలు ఎలుకల బోనులో పడిందా, ఆలోచించి చెప్పు" అని అడిగారు. పడలేదు. పది వారాలు గడిచేసరికి సగానికి పైగా పిల్లలు జరగనివి ఏవో కొన్ని జరిగాయని కథలు కథలుగా చెప్పారు. ఏ వేలో, ఎవరు తీశారో, ఆస్పత్రికి ఎలా వెళ్లారో అన్నీ. వాళ్లు అబద్ధం ఆడలేదు. వాళ్లకు అది జరిగినట్టే.

భద్రకాళి_గట్టు
ఇది చదివి భయం వేసింది. అత్తమ్మ రోజూ సాయంత్రం పక్కింటి వాళ్లను కూర్చోబెట్టి పాపను అడుగుతోంది. మొదట్లో బావి మాత్రమే ఉండేది. నీలం తలుపు పక్కింటావిడ "తలుపు ఏ రంగు బిడ్డా" అని అడిగాక వచ్చింది. ఇప్పుడు గుర్తుకొస్తోంది.

తర్కవాగు
అదీ సంగతి.

మామిడి_జగిత్యాల
రంగు అడిగితే వచ్చింది సరే. రాజి అన్న పేరు ఎవరు అడిగితే వచ్చింది? 1926లో ఢిల్లీలో పుట్టిన శాంతి దేవి కూడా నాలుగేళ్లకు మథుర గురించి చెప్పింది, భర్త పేరు, ఇల్లు అన్నీ. గాంధీజీయే పట్టించుకున్నారు. 1935లో పెద్దమనుషుల కమిటీ ఆ అమ్మాయిని రైల్లో మథురకు తీసుకెళ్లింది. ఆమె చెప్పినవి సరిపోయాయని కమిటీ 1936లో రాసింది. గాంధీజీ కంటే మనం తెలివైనవాళ్లమా?

తర్కవాగు
అదే కాలంలో అక్కడికి వెళ్లి ఇది నమ్మదగింది కాదని రాసినవాళ్లూ ఉన్నారు, అది మాత్రం ఎవరూ పంచుకోరు. ఇలాంటి కేసుల్లో పెద్ద చిక్కు ఒకటుంది. పరిశోధకుడు వచ్చేసరికే రెండు కుటుంబాలు కలిసిపోయి ఉంటాయి. పిల్ల ముందు ఏం అంది, కలిశాక ఏం అంది అనేది ఎవరూ విడదీయలేరు. ఎవరూ కలవకముందే కాగితం మీద రాసిపెట్టిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

గ్రంథాలయం_మూల
శాంతి దేవి గురించి ఇంకొక్క మాట. ఆమె చివరిదాకా పెళ్లి చేసుకోలేదు, 1987లో పోయింది. కమిటీలో ఎవరూ ఆ లెక్క రాయలేదు.

వేదిక_పెద్ద
ఊళ్ల పేర్లు, కుటుంబాల పేర్లు, పాప ఫొటోలు ఇక్కడ పెట్టవద్దు. ఒక సభ్యుడు "ఏ ఊరో చెప్పండి, నేను బండి మీద వెళ్లి చూసి వస్తాను" అని రాశాడు, ఆ మాట తీసేశాను.

రెండిళ్ల_చుట్టం
నా పేరు చూసి చాలామంది నవ్వుతారు. ఊరికే పెట్టుకున్న పేరు కాదు. ఇన్నాళ్లూ ఇక్కడ చెప్పలేదు, ఈ చర్చ చూశాక చెప్పాలనిపించింది.

హుజూరాబాద్ దగ్గర పల్లె మాది, 1984లో పుట్టాను. మూడేళ్లప్పుడు "నాకు సైకిల్ దుకాణం ఉంది, పంక్చర్లు వేస్తాను" అన్నానట. అన్నానట అనే రాయాలి, నాకు గుర్తు లేదు. మా నానమ్మ వచ్చినవాళ్లందరి ముందూ నిలబెట్టి "చెప్పు బిడ్డా, నీ దుకాణం ఎక్కడ" అని అడిగేది. చెబితే బెల్లం ముక్క. ఆ బెల్లం మాత్రం గుర్తుంది.

మాట ఊరు దాటింది. జమ్మికుంట వైపు ఒక ఊళ్లో పందొమ్మిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉంది. ఆ అబ్బాయిది సైకిల్ దుకాణమే. పొలం దగ్గర మోటారు స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి పోయాడు. ఆమె బస్సెక్కి వచ్చింది. నేను పరుగెత్తి వెళ్లి ఆమె ఒళ్లో కూర్చున్నానని మా ఊరంతా ఇప్పటికీ చెబుతుంది. ఆమె చేతిలో బిస్కెట్ల పొట్లం ఉందని ఎవరూ చెప్పరు.

ఆరేళ్లు వచ్చేసరికి నా మాటలన్నీ పోయాయి. ఆమె పోలేదు. ప్రతి సంక్రాంతికి స్టీలు డబ్బా నిండా సకినాలు, ఒక చొక్కా గుడ్డ. ఆ గుడ్డ ఎప్పుడూ నాకు ఎక్కువయ్యేది, దర్జీ మిగిలిన ముక్కతో సంచి కుట్టి ఇచ్చేవాడు. అది పందొమ్మిదేళ్ల వాడి కొలత అని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు. వెళ్లేముందు నా చెంపలు రెండు చేతులతో పట్టుకుని "నేను గుర్తున్నానా కొడుకా" అనేది. "గుర్తున్నావు" అనేవాణ్ణి. ఏడేళ్లకు, పదేళ్లకు, ఇరవై ఏళ్లకు. లేదనడానికి నోరు రాలేదు.

మా అమ్మ సంగతి ఎవరూ అడగరు. ఆమె వచ్చిన రోజు మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. మర్యాదకు లోటు చేయలేదు, కోడికూర వండేది. కానీ ఆ రోజు నాకు తన చేత్తో వడ్డించేది కాదు. ఒక్కసారి మాత్రం, గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అడిగింది: "నిన్ను కనడానికి రెండు రోజులు నొప్పులు పడ్డాను. అది గుర్తు లేదా నీకు?"

నాకు పద్దెనిమిది నిండగానే ఆ అబ్బాయి తమ్ముడు స్టాంపు కాగితం పట్టుకుని వచ్చాడు. వాళ్ల రెండెకరాల్లో నాకు ఏ హక్కూ లేదని సంతకం కావాలట. పోయిన జన్మ ఆస్తికి ఈ జన్మ సంతకం. చేశాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మంచి స్నేహం.

ఆమె నిరుడు పోయింది. పదకొండో రోజు నాకూ కొత్త బట్టలు పెట్టారు. చెల్లెమ్మా, నేను మీకు వెళ్లమనీ చెప్పను, వద్దనీ చెప్పను. మీ పాప రెండు మూడేళ్లలో ఇదంతా మరిచిపోతుంది. అవతల ఇంట్లో ఎవరైనా ఉంటే, ఆ మనిషి మరిచిపోదు.

కాజీపేట_లోకో
అన్నా, జోకులు వేసినందుకు సిగ్గుగా ఉంది.

రెండిళ్ల_చుట్టం
వేయండి తమ్ముడూ. స్టాంపు కాగితం గుర్తొస్తే నాకే నవ్వొస్తుంది.

మామిడి_జగిత్యాల
అన్నా, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆమెకు ఎప్పుడైనా చెప్పారా, గుర్తు లేదని?

రెండిళ్ల_చుట్టం
ఒకసారి బస్టాండులో దింపడానికి వెళ్లినప్పుడు చెప్పబోయాను. బస్సు వచ్చింది.

పరకాల_పత్తి
మా దగ్గర పిల్లలు వరుసగా పోతే, తరువాత పుట్టినవాణ్ణి పెంట మీద వేసి తీసి పెంటయ్య అని పేరు పెట్టేవారు. మా తాత పెంటయ్యే. ఆయనకు ముందు ముగ్గురు పోయారు. "ఆ ముగ్గురూ కలిసి నేనే" అనేవాడు, అందుకే మూడు పూటలా ముగ్గురి అన్నం తింటానని. చర్చకు సంబంధం ఉందో లేదో తెలియదు, రాయాలనిపించింది.

తర్కవాగు
నేను అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఆయమ్మకు ఫోను చేశారా?

భద్రకాళి_గట్టు
చేశాను. నిన్న. ఇప్పుడు రాస్తున్నాను, కొంచెం పొడుగు అవుతుంది.

ముందు ఊరికే యోగక్షేమాలు అడిగాను. తరువాత "ఆయమ్మా, రాజి అంటే ఎవరు" అన్నాను. ఆమె నవ్వింది. "మా అమ్మగారింటి బర్రె అమ్మా. పాప ముద్ద మింగకపోతే రాజి కథ చెప్పేదాన్ని. ముద్దకొక కథ." ఒక కొమ్ము వంగి ఉండేదట. వేపచెట్టూ వాళ్లదే. నీలం తలుపు మాత్రం లేదు, వాళ్లది తడిక.

"బావిలో ఎవరు పడ్డారు" అని అడిగాను. చాలాసేపు మాట లేదు, ఫోను కట్ అయిందనుకున్నాను. "మా చెల్లె" అంది. ఆమెకు ఏడేళ్లు, చెల్లెకు నాలుగు. వాళ్ల అమ్మ నాట్లకు వెళ్లింది, చెల్లెను చూసుకోమని ఈమెకు అప్పజెప్పి. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదట, కొడుకులకు కూడా. "పాప చిన్నది కదా, దానికేం తెలుస్తుందిలే అని మధ్యాహ్నం పడుకోబెట్టేటప్పుడు చెప్పుకునేదాన్ని. నా తప్పే అమ్మా" అని ఏడ్చింది. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

తర్కవాగు
మొదటి రోజే అడిగాను.

నర్సు_నైట్‌డ్యూటీ
ఇప్పుడు ఆ మాట అవసరమా?

తర్కవాగు
కాదు. క్షమించండి.

మామిడి_జగిత్యాల
నన్ను తిట్టినా సరే, నాకు ఇంకోలా తోస్తోంది. బావిలో పోయిన చెల్లె, అక్క చేతుల్లో పెరగడానికే ఈ ఇంట్లో పుట్టిందేమో. అక్క చూసుకోలేకపోయిన చెల్లెను ఈ జన్మలో పద్నాలుగు నెలలు చూసుకుంది కదా.

గ్రంథాలయం_మూల
దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. స్టీవెన్సన్ ఉంటే, పిల్ల ఆ కథ ముందే విన్నది కాబట్టి ఈ కేసును పక్కన పెట్టేవాడు.

భద్రకాళి_గట్టు
మా అత్తమ్మ కూడా జగిత్యాల గారు అన్న మాటే అంటోంది. ఊరికి వెళ్లే పని తప్పిందని సంతోషంగా ఉంది. మొక్కు మాత్రం తీర్చాల్సిందేనట. ఇప్పుడు నా చిక్కు వేరే. ఆయమ్మ "ఒకసారి వచ్చి పాపను చూడనా అమ్మా" అని అడిగింది. చుట్టం అన్నా, మీరేమంటారు?

రెండిళ్ల_చుట్టం
రానివ్వండి. ఈమె పాపకు తెలిసిన మనిషే, పరాయి ఊరి నుంచి వచ్చే తల్లి కాదు. అన్నం మీరు కలపండి, ముద్దలు మీరే పెట్టండి. "గుర్తుందా" అన్న మాట ఎవరి నోటా రాకుండా చూసుకోండి.

భద్రకాళి_గట్టు
ఆదివారం వచ్చి వెళ్లింది. అత్తమ్మను ముందే కట్టడి చేశాను, ఒక్క ప్రశ్న అడగలేదు. అడగకుండా ఉండటానికి రెండుసార్లు టీ పెట్టింది.

ఆయమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రావాలా వద్దా అన్నట్టు. పాప బొమ్మలు వదిలి వచ్చి కొంగు పట్టుకుని "నా రాజి ఏది" అని అడిగింది. ఆయమ్మ నా వైపు చూసింది. తరువాత కింద కూర్చుని, "అమ్మేశారు బిడ్డా, ఎప్పుడో అమ్మేశారు" అంది. పాప "ఓ" అని వెళ్లి బొమ్మల దగ్గర కూర్చుంది. ఆ తరువాత ఈ నాలుగు రోజుల్లో బావి మాట ఎత్తలేదు. మళ్లీ ఎత్తుతుందేమో, తెలియదు. వచ్చే నెల నుంచి ఆయమ్మ వారానికి రెండు రోజులు వస్తానంది, సరే అన్నాను.

పరకాల_పత్తి
బర్రెను ఎంతకు అమ్మారో అడగాల్సింది.

కాజీపేట_లోకో
మావాడు ఈ రోజు పొద్దున రోడ్డు రోలర్ అయ్యాడు. మెల్లగా నడుస్తున్నాడు, బడికి ఆలస్యం.